క్షవరం కాదు, గుండు

మొన్న ఆదివారం మధ్యాహ్నం నా పూర్వశిష్యుడొకడు ఒక కాగితాలకట్ట పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పాతికేళ్ళ క్రిందట పదవ తరగతిలో నా దగ్గర ఛందస్సు నేర్చుకొని, మత్తేభానికీ శార్దూలానికీ తేడా ఎన్నడూ పట్టుకోలేక, లెక్కల మాష్టారి పుణ్యమా అని గట్టెక్కినవాడు. ఇప్పుడు గుంటూరు శివార్లలో ఒక రేకులషెడ్డులో అట్టపెట్టెలు తయారుచేస్తాడు. పదకొండుమంది పనివాళ్ళు. ఆ కట్ట నూటఅరవై పేజీల ఆంగ్ల ఉత్తర్వు. అందులో తొంభైమూడవ పేజీలో ఒక పట్టిక. పట్టిక ఆఖరు వరుస మీద వేలుపెట్టి, "మాష్టారూ, ఈ ‘నిల్’ అంటే సున్నాయే గదండీ? ఇంకేమైనా అర్థముందా?" అని అడిగాడు.

ముప్పైనాలుగేళ్ళు పిల్లలకు నానార్థాలు చెప్పినవాణ్ణి. ఆ ఒక్క మాటకు వేరే అర్థం చెప్పలేకపోయాను.

కథ క్లుప్తంగా ఇది. పేరు అనవసరమైన ఒక కంపెనీకి ఈ అబ్బాయి ఎనిమిదేళ్ళు పెట్టెలు సరఫరా చేశాడు. తొంభై రోజుల అరువు. తొంభై అన్నది కాగితం మీద మాట. నూటఇరవై అయ్యేది, నూటఎనభై అయ్యేది. గట్టిగా అడిగితే "మీకు కుదరకపోతే చెప్పండి, ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు" అనేవారట. ఒకనాడు పత్రికలో చిన్న అక్షరాలతో ప్రకటన పడింది. కంపెనీ దివాలా విచారణలోకి వెళ్ళింది, బాకీలు రావలసినవారు ఫారం-బి నింపి పంపవలసినది అని. ఇతనికి రావలసినవి 31 లక్షలు. నింపి పంపాడు. బాకీ నిజమేనని ఒప్పుకొన్నారు కూడా. ఏడాదిన్నర గడిచింది. కొత్త యజమాని వచ్చాడు. ఫ్యాక్టరీ పొగగొట్టం మళ్ళీ పొగ విడుస్తున్నది. బ్యాంకులకు కొంత ముట్టింది. ఇతనికి మాత్రం ‘నిల్’.

ఈ టపా ఆ సున్న గురించి.

భాషాపండితుణ్ణి గనుక మాటలతోనే మొదలుపెడతాను. అప్పు ఎగ్గొట్టడానికి తెలుగువాడు కూర్చుకొన్న పలుకుబళ్ళు చూడండి. పంగనామం పెట్టాడు, ఎగనామం పెట్టాడు, శఠగోపం పెట్టాడు, కుచ్చుటోపీ పెట్టాడు, నున్నగా గొరిగాడు. సగం గుడినుంచి వచ్చాయి, సగం మంగలిపొది నుంచి వచ్చాయి. అన్నింటిలోనూ ఒక లక్షణం ఉన్నది: కర్త ఉన్నాడు. పెట్టినవాడు ఒకడు, పెట్టించుకొన్నవాడు ఒకడు. వాక్యం వినగానే ఎవడు ఎవడికి ఏమి చేశాడో తెలిసిపోతుంది. ఇప్పుడు ఆర్థికపుటల్లో అచ్చవుతున్న మాట చూడండి. "ఋణదాతలు ఇంత శాతం హెయిర్‌కట్ తీసుకొన్నారు." దెబ్బతిన్నవాడే ఇక్కడ కర్త అయి కూర్చున్నాడు! వాడే ముచ్చటపడి సెలూనుకు నడిచివెళ్ళి, కుర్చీలో కూర్చొని, తల వంచినట్టు. పైగా జుట్టు నెల తిరిగేసరికి మళ్ళీ మొలుస్తుంది. మా అబ్బాయి 31 లక్షలు ఏ తైలం వ్రాస్తే మొలుస్తాయి?

ఈ మాటకు అభ్యంతరం చెప్పిన మొదటివాణ్ణి నేను కాను. 2021 జూన్ 8న వీడియోకాన్ సంస్థల దివాలా కేసులో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ముంబై ధర్మాసనం ఉత్తర్వు ఇచ్చింది. పదమూడు కంపెనీలను కలిపి విచారించిన కేసు అది. ఒప్పుకొన్న బాకీలు సుమారు 64,838 కోట్లు. కొనుగోలుదారు ఇస్తానన్నది సుమారు 2,962 కోట్లు. అంటే మొత్తం మీద రూపాయికి నాలుగు పైసల పైచిలుకు. ఆపరేషనల్ క్రెడిటర్లు అనబడే సరఫరాదారుల వాటా నూటికి 0.72, రూపాయికి ముప్పాతిక పైసా కూడా కాదు. వాళ్ళలో చిన్నచిన్న పరిశ్రమలవారు ఎందరో ఉన్నారని గుర్తించి, దీనిని హెయిర్‌కట్ అనాలా, పూర్తిగా గుండు అనాలా అని ధర్మాసనమే ప్రశ్నించింది. ప్రశ్నించి, ఏమి చేసింది? ప్రణాళికను ఆమోదించింది. ఋణదాతల కమిటీలో నూటికి 95 వంతులకు పైగా ఓట్లు పడ్డాయి గనుక తాను కాదనలేనన్నది. ఆ ఆమోదాన్ని అప్పిలేట్ ట్రిబ్యునల్ 2022 జనవరి 5న కొట్టివేసిన మాట నిజమే. అయినా ఆ ఉత్తర్వు నా మనసులో అలాగే నిలిచిపోయింది. గుండు అని చూసి, గుండు అని పలికి, గుండు మీదనే ముద్రవేసిన న్యాయపీఠం!

ఇంతకూ ఎవరీ ఆపరేషనల్ క్రెడిటర్? ఈ పేరు వింటే శస్త్రచికిత్స జ్ఞాపకం వస్తుంది తప్ప అర్థం స్ఫురించదు. తెలుగులో ఈ తేడా ఏనాటినుంచో ఉన్నది. డబ్బు ఇస్తే అప్పు. సరుకు ఇచ్చి సొమ్ము తరువాత పుచ్చుకొంటే అరువు. కిరాణాకొట్లలో "నేడు నగదు, రేపు అరువు" అన్న పలక చూడనివారు మనలో ఉండరు. 2016లో పార్లమెంటు చేసిన చట్టాన్ని మన పత్రికలు ‘దివాలా స్మృతి’ అని వ్రాస్తున్నాయి. ఆ స్మృతి ప్రకారం అప్పిచ్చినవాడు ఫైనాన్షియల్ క్రెడిటర్, అరువిచ్చినవాడు ఆపరేషనల్ క్రెడిటర్. ఒకడు పంక్తిలో కూర్చునేవాడు, ఒకడు వాకిట్లో నిలబడేవాడు.

కంపెనీని బ్రతికించాలా, అమ్మాలా, ఎవరికి అమ్మాలా, ఎవరికెంత ఇవ్వాలా అని నిర్ణయించే కమిటీలో ఓటున్నది అప్పిచ్చినవారికే. వారిలోనూ ఓటు తలకు కాదు, రూపాయికి. ఎంత అప్పో అంత ఓటు. అరవైఆరు శాతం చేరితే ప్రణాళిక నెగ్గినట్టే. అరువిచ్చినవారి బాకీలన్నీ కలిపి మొత్తంలో పదోవంతు ఉంటే వారి ప్రతినిధి సమావేశంలో కూర్చోవచ్చు. వినవచ్చు. ఓటు లేదు.

ఆస్తి అమ్మగా వచ్చిన సొమ్మును ఏ వరుసలో పంచాలో 53వ సెక్షను చెబుతుంది. మొదట విచారణ ఖర్చులు. తరువాత కార్మికుల ఇరవైనాలుగు నెలల జీతబాకీలూ, తాకట్టు పెట్టించుకొన్నవారి బాకీలూ సరిసమానంగా. తరువాత ఇతర ఉద్యోగుల జీతాలు. నాలుగవ మెట్టు తాకట్టు లేకుండా డబ్బు అప్పిచ్చినవారిది. అయిదవది ప్రభుత్వానిది. మా అబ్బాయి ఆరవ మెట్టు మీద, ‘మిగిలిన బాకీలు’ అన్న గంపగుత్త పేరు క్రింద నిలబడతాడు. గమనించండి: తాకట్టు లేకపోవడం నాలుగవ మెట్టువాడికీ ఆరవ మెట్టువాడికీ సమానమే. ఒకడికి కమిటీలో ఓటున్నది, రెండవవాడికి లేదు. ఇద్దరూ నమ్మి ఇచ్చినవారే. ఒకడు నోట్లకట్ట నమ్మి ఇచ్చాడు, ఒకడు లారీడు అట్టపెట్టెలు నమ్మి ఇచ్చాడు. అంతే తేడా.

ఇక సున్న ఎలా పుడుతుందో నల్లబల్ల మీద లెక్కలాగా చెబుతాను. ఒక కంపెనీ ఆస్తులు విడివిడిగా అమ్మితే వంద కోట్లు వస్తాయనుకొందాం. తాకట్టు పెట్టించుకొన్న బ్యాంకుల బాకీ నాలుగువందల కోట్లు. విడివిడిగా అమ్మితే పైమెట్ల దగ్గరే వంద ఇంకిపోతుంది, ఆరవ మెట్టుకు చుక్క రాదు. చట్టం అరువిచ్చినవాడికి కనీసహామీ అంటూ ఒకటి ఇచ్చింది: కంపెనీని అలా అమ్మివేస్తే నీకెంత వచ్చేదో, అంతకు తగ్గకుండా ఇప్పిస్తాను అని. ఎంత వచ్చేది? సున్న. కనుక సున్నకు తగ్గకుండా ఇప్పిస్తారు. సరే, కంపెనీని నడుస్తున్న సంస్థగానే ఒకడు రెండువందల యాభై కోట్లకు కొన్నాడు. దానికీ 2019 సవరణలో ఒక హామీ ఉన్నది. ఆ రెండువందల యాభైని 53వ సెక్షను వరుసలో పంచితే నీకెంత వస్తుందో చూసి, రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. నాలుగువందలు తీరనిదే క్రిందికి దిగదు గనుక ఇదీ సున్నే. రెండు సున్నలలో ఏది పెద్దదో ఎంచుకొమ్మన్నమాట.

ఇందులో ఇంకొక చమత్కారం ఉన్నది. అరువిచ్చినవారికి ఇచ్చేది ఎంతైనా సరే, దానిని బ్యాంకుల కంటె ముందుగా చెల్లించాలని నిబంధన. అగ్రతాంబూలం సున్నకు!

వందకూ రెండువందల యాభైకీ మధ్య ఉన్న నూటయాభై కోట్లు ఎక్కడివి? యంత్రాలవా? యంత్రాల ధర వందలోనే ఉన్నది. ఆ నూటయాభై నడుస్తున్న వ్యాపారానిది. పెట్టెలు వస్తూ ఉంటేనే, రసాయనాలు వస్తూ ఉంటేనే, లారీలు కదులుతూ ఉంటేనే అది నడుస్తున్న వ్యాపారం. చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. విచారణ జరిగే రోజుల్లో సంస్థ విలువ నిలవడానికి కీలకమని తోచిన సరఫరాను ఆపరాదని 2020 సవరణలో వ్రాసుకొన్నారు. ఆ రోజుల్లో ఇచ్చిన సరుకుకు డబ్బిస్తారు, నిజమే. పాతబాకీ మాట మాత్రం ఎత్తరాదు. అంటే సరఫరాదారు లేకపోతే విలువ లేదని ఒప్పుకొంటూనే, ఆ విలువ పంచేవేళ అతణ్ణి గుమ్మంలో నిలబెట్టారు.

స్మృతి అన్నారు గనుక పాతస్మృతి ఒకటి తెరిచాను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్య మితాక్షర. దానిని ఆధారం చేసుకొని 13వ శతాబ్దిలో, తిక్కన కాలంవాడైన కేతన, తెలుగులో విజ్ఞానేశ్వరీయం వ్రాశాడు. భాషాప్రవీణ చదివే రోజుల్లో కేతనను ఆంధ్రభాషాభూషణం కోసం బట్టీపట్టామే గాని, ఈ ధర్మశాస్త్రపు పుస్తకం వైపు ఎవరమూ కన్నెత్తి చూడలేదు. అరవై దాటాక చూస్తున్నాను.

యాజ్ఞవల్క్యుడు తాకట్టున్న అప్పుకు నెలకు ఎనభయ్యో వంతు వడ్డీ చెప్పాడు. మన లెక్కలో నూటికి రూపాయి పావలా. తాకట్టు లేని అప్పుకు నూటికి రెండు మొదలు అయిదు వరకు. అడవిదారిన సరుకు తీసుకొనిపోయే వర్తకుడైతే పది, సముద్రం మీద పోయేవాడైతే ఇరవై. తిరిగిరాని భయం ఎంత ఎక్కువైతే వడ్డీ అంత ఎక్కువ. అప్పులవాడు ఒక్కడై, ఇచ్చినవారు పలువురైతే, పుచ్చుకొన్న వరుసలో తీర్చాలన్నాడు. ముందిచ్చినవాడికి ముందు.

ఇది చెప్పి మన పూర్వులు ధర్మమూర్తులని నేను వీపు తట్టుకోబోవడం లేదు. ఆ రెండు మొదలు అయిదు అన్నది వర్ణం చూసి వేసిన వడ్డీ. బ్రాహ్మణుడికి రెండు, శూద్రుడికి అయిదు. తీర్చే వరుసలోనూ బ్రాహ్మణుడి బాకీ మొదట, రాజుగారిది తరువాత అన్నాడు. కౌటిల్యుడూ రాజునూ శ్రోత్రియుణ్ణీ ముందుకు తెచ్చాడు. ఎవరి కాలంలో ఎవరు బలవంతులో వారు పంక్తిలో ముందు కూర్చున్నారు. ఆ మాటకొస్తే ప్రభుత్వాన్ని అయిదవ మెట్టుకు దించినందుకు 2016 స్మృతికర్తలను మెచ్చుకోవాలి. నేను స్మృతినుంచి తీసుకొనేది ఒక్క ముక్క. తాకట్టు లేకుండా ఇచ్చినవాడికి నష్టభయం ఉన్నది, దానికి వెల ఉండాలి అని ఆ ఋషికి తెలుసు. మా అబ్బాయికి ఆ వెల ఎవరిచ్చారు? నూటఎనభై రోజుల అరువుకు పైసా వడ్డీ లేదు. అయిదు రూపాయల వడ్డీవాడి నష్టభయమూ, సున్న వడ్డీవాడి ఫలితమూ అతని నెత్తినే.

దీనికి జవాబు చెప్పేవారున్నారు. వారు తెలివితక్కువవారు కారు. మొదటి జవాబు: బ్యాంకు సొమ్మంటే ఎవరిది, నీవంటి పింఛనుదారు దాచుకొన్న డబ్బే గదా, దానికి ముందుపీట వేస్తే తప్పేమిటి? తప్పు లేదు. తాకట్టుకు విలువ లేకపోతే రేపు ఇల్లు కట్టుకొనేవాడికి కూడా అప్పు పుట్టదు. తాకట్టున్నవాడిని క్రిందికి దించమని నేను అడగడం లేదు. రెండవ జవాబు సుప్రీంకోర్టుది. 2019 జనవరి 25న స్విస్ రిబ్బన్స్ తీర్పులో, సంస్థ నిలబడగలదా లేదా అని అంచనా కట్టే నేర్పు అప్పిచ్చే సంస్థలకే ఉంటుంది గనుక ఈ రెండు తరగతుల తేడా సబబేనన్నది. అదే ఏడాది జూలైలో ఎస్సార్ స్టీల్ కేసులో అప్పిలేట్ ట్రిబ్యునల్ అప్పిచ్చినవారినీ అరువిచ్చినవారినీ ఒకే శాతంతో సమానంగా చూడమంటే, నవంబరు 15న సుప్రీంకోర్టు దానిని త్రోసివేసి, పంపకం కమిటీవారి వ్యాపారవివేకానికి సంబంధించినది, అందులో ట్రిబ్యునళ్ళు తలదూర్చరాదన్నది.

వ్యాపారవివేకం! ఆ కంపెనీకి వందలకోట్లు అప్పిచ్చినప్పుడు ఈ వివేకం ఏ ఊరు వెళ్ళింది? అంచనా కట్టే నేర్పు అంతగా ఉన్నవారు, ఆ అంచనా తప్పినందుకు ఓటు సంపాదించుకొన్నారు. అట్టపెట్టెలవాడికి ఆ కంపెనీ పద్దుపుస్తకాలు ఎవడైనా చూపాడా? చూడని నేరానికి ఓటు పోయింది. ఎస్సార్ కేసులోనే కోటి రూపాయలలోపు బాకీలున్న చిన్న సరఫరాదారులకు పూర్తిగా చెల్లించడానికి ప్రణాళికలో చోటు పెట్టారు. అంటే తలచుకొంటే అవుతుంది. తలచుకోవడం మాత్రం వారి దయ. దయగా ఇచ్చేదానిని భిక్ష అంటాం, బాకీ అనం.

ఇక్కడ నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి. 1971లో నాకు పదేళ్ళు. మా నాన్నగారు ఊరి బియ్యపుమిల్లుకు నలభైఒక్క బస్తాల ధాన్యం అరువు పోశారు. సంక్రాంతికి డబ్బన్న మిల్లుయజమాని ఉగాదికి ‘ఐపీ పెట్టాడు’. ఇన్‌సాల్వెన్సీ పిటిషనుకు మన పల్లెలు పెట్టుకొన్న ముద్దుపేరు ఐపీ. కోర్టునుంచి నోటీసు వచ్చింది, మా నాన్నగారి పేరు, రావలసిన మొత్తం టైపు కొట్టి. అప్పటి చట్టం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. ఆయన సబ్‌కోర్టు మెట్లు ఎన్నిసార్లు ఎక్కారో లెక్కలేదు. చివరకు రూపాయికి పదకొండు పైసలు చేతికి వచ్చాయి. ఆ డబ్బుతో మా అమ్మ ఒక ఇత్తడి బిందె కొన్నది, అది ఇప్పటికీ ఉన్నది.

పదకొండు పైసలు గొప్పా అంటారు. కాదు. ఐపీ చట్టాన్ని అడ్డం పెట్టుకొని పొలం భార్యపేరా, మిల్లు బావమరిదిపేరా వ్రాసి దర్జాగా తిరిగినవారు ప్రతి తాలూకాలోనూ ఉన్నారు. ఆ చట్టం బంగారమని నేను అనను. కాని దానిలో రెండు సంగతులు ఉన్నాయి, నిమ్మళంగా వినండి. ఒకటి: అప్పులవాడు రాజీప్రణాళిక పెడితే, బాకీ ఋజువైన వారందరూ ఓటు వేయాలి. సొమ్ములో ముప్పాతిక వంతు ఒప్పుకొంటే చాలదు, తలల లెక్కలో కూడా సగానికి మించి ఒప్పుకోవాలి. నలభైఒక్క బస్తాలవాడూ ఒక తలే, పదివేలవాడూ ఒక తలే. రెండు: దివాలాదారు తన ఋణాలనుంచి పూర్తి విముక్తి కోరితే, తాకట్టు లేని బాకీలలో రూపాయికి ఎనిమిదణాలకు సరిపడా ఆస్తి అతని దగ్గర ఉండాలి. లేదా, లేకపోవడం తన తప్పు కాదని కోర్టును నమ్మించాలి. అంతవరకు కోర్టు బేషరతు విముక్తి ఇవ్వరాదు. 42వ సెక్షను. మా నాన్నగారు ఆ విచారణనాడు లేచి నిలబడి, ఈయన కూతురి పెళ్ళికి రెండు మేళాలు పెట్టించాడండీ అని చెప్పారట. విముక్తి రెండేళ్ళు వాయిదా పడింది. డబ్బు రాలేదు గాని, ఆ మాట చెప్పుకొనే హక్కు ఆయనకు ఉన్నది. ఆ రెండేళ్ళూ మిల్లుయజమాని మా వీధిగుండా సైకిలు దిగి నడిచి వెళ్ళేవాడు.

పరాయిపాలకుడు పల్లెటూరి మిల్లువాడిని అడిగినవి ఎనిమిదణాలు. స్వతంత్రభారతం వేలకోట్ల కంపెనీని అడిగేది సున్నకు తగ్గకుండా ఇవ్వమని. ప్రణాళిక ఆమోదం పొందిన మరుక్షణం, అందులో చోటులేని బాకీలన్నీ చచ్చినట్టే. 2021 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఘనశ్యాం మిశ్రా కేసులో ఈ సంగతి నిష్కర్షగా చెప్పింది. కొత్త యజమానికి కడిగిన పలక ఇవ్వాలి, లేకుంటే ఎవడూ కొనడానికి రాడు అన్నది దాని తర్కం. ఒప్పుకొంటాను. పలక కడగవలసిందే. ఎవరి కన్నీళ్ళతో కడుగుతున్నారన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు మా అబ్బాయి రేపు కుప్పకూలితే? అతనిది కంపెనీ కాదు, సొంతపేరున నడిచే షెడ్డు. 2016 స్మృతిలో వ్యక్తుల దివాలాకు ఒక భాగం ఉన్నది గాని, 2019 డిసెంబరు 1న దానిని అమలులోకి తెచ్చినది కంపెనీల అప్పులకు హామీ పడ్డవారి వరకే. కనుక ఇతనికి గతి ఆ 1920 చట్టమే. ఇతడు ఎనిమిదణాలు చూపాలి, ఇతణ్ణి ముంచినవాడు ఏమీ చూపనక్కరలేదు.

ముందే మేలుకొని కోర్టుకు వెళ్ళవలసింది అంటారేమో. దివాలా పిటిషను వేయడానికి కనీసబాకీ మొదట లక్ష రూపాయలు ఉండేది. 2020 మార్చి 24న దానిని కోటికి పెంచారు. 31 లక్షలవాడికి ఆ తలుపూ మూసుకొన్నది. చిన్నపరిశ్రమలకు నలభైఅయిదు రోజుల్లో డబ్బు చెల్లించాలనీ, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలనీ 2006 చట్టం చెబుతున్నది. చదవడానికి ఎంత హాయిగా ఉన్నది! ఆ చట్టం క్రింద ఫిర్యాదు పెడితే మర్నాటినుంచి ఆర్డరు రాదు. దివాలా విచారణ మొదలయ్యాక దావాలన్నీ ఆగిపోతాయి గనుక ఆ తరువాత పెట్టీ లాభం లేదు. అన్నింటికంటె నాకు కడుపు మండించినది ఇది: ఆ 31 లక్షల సరుకు బిల్లుల మీద జీఎస్టీ అతడు ఎప్పుడో కట్టేశాడు. బిల్లు వ్రాసిన నెలకు పన్ను కట్టవలసిందే, డబ్బు చేతికి వచ్చిందా లేదా అన్నది ప్రభుత్వానికి అక్కరలేదు. ఆ డబ్బు ఇక రాదని ట్రిబ్యునలే ముద్రవేసినా కట్టిన పన్ను తిరిగి ఇచ్చే దారి ఆ చట్టంలో పెట్టలేదు. రాని సొమ్ము మీద పన్ను. కలలో తిన్న అన్నానికి ఎంగిలాకు ఎత్తించినట్టున్నది.

మరి ఏమి చేయమంటావు అని అడగండి. నేను కొత్తగా కనిపెట్టి చెప్పేది ఏమీ లేదు. 1920 చట్టం మనకిచ్చిన ఆంగ్లేయుడే తన దేశంలో 2003 సెప్టెంబరు 15 నుంచి ఒక పని చేశాడు. కంపెనీ సరుకూ, రావలసిన బాకీలూ వంటి కదిలే ఆస్తుల మొత్తం మీద బ్యాంకులకు ఉండే హక్కులోనుంచి కొంత భాగాన్ని విడదీసి, తాకట్టు లేనివారి కోసం ప్రత్యేకించాడు. మొదటి పదివేల పౌన్లలో సగం, ఆపైన వచ్చేదానిలో అయిదోవంతు. గరిష్ఠపరిమితి ఆరులక్షల పౌన్లు. ఆ హద్దును 2020 ఏప్రిల్‌లో ఎనిమిది లక్షలు చేశాడు. దీనివలన అక్కడ బ్యాంకులు మూతపడలేదు. అమెరికావాడు 2005లో, దివాలా పెట్టడానికి ముందు ఇరవై రోజుల్లో అందిన సరుకు ఖరీదును విచారణ ఖర్చుల పంక్తిలోకి చేర్చాడు. రెండూ పెట్టుబడిదారుల దేశాలే. అక్కడెవరూ వీటిని విప్లవమని అనలేదు.

అటువంటి ఒక వాటా మన 53వ సెక్షనులో కూడా ఉండాలి; తాకట్టున్నవారికి వచ్చేదానిలోనుంచే తీసి పెట్టాలి, చిన్న బాకీలవారికి మొదట. కమిటీలో అరువిచ్చినవారికి ఓటు ఉండాలి. రూపాయి లెక్కలో వారి ఓటు ఆవగింజంతైనా సరే, తలల లెక్క కూడా చూడాలన్న ఆ పాత నియమాన్ని తెచ్చి దానిప్రక్కన పెట్టాలి. రాని బాకీ మీద కట్టిన జీఎస్టీ తిరిగి ఇవ్వాలి. ఈ మూడవదానికి ఏ బ్యాంకు అనుమతీ అక్కరలేదు, తప్పుగా పుచ్చుకొన్నది వెనక్కి ఇవ్వడమే.

సుమతీశతకకారుడు ఊరికి ఉండితీరవలసినవాటిని లెక్కబెడుతూ అప్పిచ్చేవాణ్ణి అందరికంటె ముందు చెప్పాడు. వైద్యుడూ, ఏరూ ఆ తరువాతివే. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఆ పద్యం చెప్పేటప్పుడు, వడ్డీవ్యాపారికి ఇంత గౌరవమేమిటి మాష్టారూ అని ఎవడో ఒకడు ప్రతి ఏడూ అడిగేవాడు. నేను కూడా నవ్వి ఊరుకొనేవాణ్ణి. ఆ పద్యంలో అప్పిచ్చేవాడంటే అయిదు రూపాయల వడ్డీ షావుకారు ఒక్కడే కాదని, ఎరువు అరువిచ్చే కొట్టువాడూ, బస్తాలు పోసి సంక్రాంతిదాకా ఆగే రైతూ, పెట్టెలు పంపి ఆర్నెల్లు ఎదురుచూసే షెడ్డువాడూ కూడా అందులో ఉన్నారని నాకు ఆనాడు తోచలేదు. తోచి ఉంటే, ఆ వెనకబెంచీలో కూర్చొన్న ఈ అబ్బాయికి అప్పుడే చెప్పి ఉండేవాణ్ణి.

న్యాయశాస్త్రం చదివిన మిత్రులూ, బ్యాంకుల్లో పనిచేసిన మిత్రులూ ఈ టపా చదువుతారని తెలుసు. విభేదిస్తే వ్యాఖ్య వ్రాయండి. వాదానికి జవాబిస్తాను, నిందకు ఇవ్వను. ‘ఋణం’ అని వ్రాసినందుకు ‘రుణం’ అని దిద్దవద్దని మాత్రం మనవి. ఆ పోరాటం వేరొక టపాలో.

ఆ అబ్బాయి సాయంత్రం దాకా కూర్చున్నాడు. వెళ్ళేముందు అసలు వచ్చిన పని చెప్పాడు. కాగితం రీళ్ళు ఇచ్చే ఏజెంటుకు ఇతడు ఆరు లక్షలు బాకీ. పెట్టెల డబ్బు వస్తే తీర్చేద్దామని వ్రాసిన ప్రోనోటుకు వచ్చే నెల 9వ తేదీకి మూడేళ్ళు నిండుతాయి. కాలదోషం పట్టకముందే నోటు తిరగవ్రాయాలి. "ఆయన మీ ఇంటికే వస్తానన్నాడు మాష్టారూ, సాక్షి సంతకం మీరు చేస్తే చాలంటున్నాడు" అన్నాడు.

"వాళ్ళకు ఇచ్చినట్టే నీకూ ఆయన తాకట్టు లేకుండానే ఇచ్చాడుట్రా?" అని అడిగాను.

"తాకట్టేముంటుందండీ, షెడ్డు బ్యాంకులో ఉంది. నమ్మకం మీద ఇచ్చాడు" అన్నాడు.

రమ్మన్నాను. పదకొండు గంటలకు.